జేబులో ఫ్యూజులు

ఆలూరులో మోటార్లు చుట్టే ఓబన్నకు ఒక అలవాటుండేది. ఏ కొత్త చోటికి పోయినా, పెళ్ళివారింటికైనా సరే, కూర్చోక ముందే "మెయిన్ యాడుండాది?" అని అడిగేవాడు. చెంబుతో మంచినీళ్ళు తెచ్చినవాళ్ళు తెల్లబోయేవారు. భార్య సుంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఈయప్ప అంతేలేమ్మా, గుడికి పోయినా స్విచ్చిబోర్డుకే దండం పెడ్తాడు" అనేది.

ఓబన్న ఐదో తరగతితో బడి మానేశాడు. పని కూడా ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కాలిపోయిన మోటారు విప్పి, పాత తీగను ఒక్కొక్క చుట్టే లెక్కపెడుతూ ఊడదీసి, ఆ లెక్క బొగ్గుతో గోడమీద రాసుకుని, కొత్త తీగను అలాగే చుట్టి నేర్చుకున్నాడు. స్క్రూడ్రైవరు మొన మోటారుకు ఆనించి పిడి చెవికి పెట్టుకుంటే బేరింగు ఇంకెన్నాళ్ళుంటుందో చెప్పేవాడు. వారం అటూ ఇటూగా అది అప్పుడే పోయేది.

బావిలో దిగి పని చేసేటప్పుడు మాత్రం అతనికొక నియమం ఉండేది. స్విచ్చి కట్టేసి దిగితే చాలదు. ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని దిగాలి. మన పల్లెల్లో మోటారు ఆడలేదంటే స్విచ్చి ఒకసారి వేసి చూడని చెయ్యి ఉండదు. కింద మనిషి ఉన్నాడని ఎవరికి గుర్తుంటుంది? ఫ్యూజు జేబులో ఉంటే పైవాడు ఎన్నిసార్లు వేసినా కిందవాడు బతుకుతాడు.

పెద్ద కరువు రాకముందు ఆ చుట్టుపక్కల బావిలో మోటారు పడినా, మనిషి పడినా ఓబన్నకే కబురొచ్చేది. మనుషుల్ని నలుగురిని తీశాడు, ముగ్గురు బతికారు. నాలుగోది బడికి పోయే ఆడపిల్ల. పిల్ల చేతికున్న ఎర్రగాజులు ఒక్కటీ పగల్లేదు. ఆ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు గానీ, తన కూతురు శివకుమారికి మాత్రం ఎర్రగాజులు కొననిచ్చేవాడు కాదు.

తర్వాత వరుసగా వానలు లేక బావులన్నీ అడుగంటాయి. శివకుమారికి ఈత నేర్పాల్సిన వయసు వచ్చేసరికి, వీపుకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి దింపుదామంటే ఒక్క బావిలోనూ నడుంలోతు నీళ్ళు లేవు. బావులు ఈదిన తండ్రికి ఈత రాని కూతురు మిగిలింది.

2006 మే నెలలో హార్డువేరు అంగడి రామకోటయ్య శెట్టి అతన్ని పిలిచి చేతిలో ఒక రంగుకాగితం పెట్టాడు.

"ఏమప్పా ఓబన్నా, మోటార్ల కంపెనీవాళ్ళు మెచ్చి పంపించినారు. మా ఇంటికొకటి, మీ ఇంటికొకటి. డోను దాటినాక కర్నూలు పోయే రోడ్డుమీద కొత్తగా కట్టినారంట, నీళ్ళ రిసార్టు. ఎండ తగలకుండా పైన కప్పు. ఒక రాత్రి గది, మూడు పూటలా తిండి. నా సుమోలోనే పోదాం."

"నీళ్ళెంత లోతు శెట్టీ?"

"తిండి ఏమి పెడ్తారని అడగాలనిపించల్యా నీకు?"

"లోతు చెప్పండి."

"నేనేమన్నా దిగి కొలిసినానా? ఆరడుగులంటాండారు."

ఆ సాయంత్రం ఓబన్న కూతుర్ని గోడకు ఆనించి నిలబెట్టి తలమీద బొగ్గుతో గీత గీశాడు. నాలుగడుగుల మీద ఒక అంగుళం. పైన ఆరడుగుల దగ్గర ఇంకో గీత గీశాడు. శివకుమారి వెనక్కి తిరిగి రెండు గీతల మధ్య ఉన్న జాగాను చేత్తో తడిమింది. "ఇంత నీల్లు నా తలమీద ఉంటాయా నాయనా?" అంది. దానికి భయం లేదు. కళ్ళు మెరుస్తున్నాయి. ఓబన్న మరునాడే పోయి పది గజాల నైలాన్ తాడు కొనుక్కొచ్చాడు.

సుంకమ్మ భయం వేరు. శివకుమారికి మూడో ఏట విషజ్వరం తగిలి పదిరోజులు కళ్ళు తెరవనప్పుడు, తొమ్మిదేళ్ళు నిండాక శ్రావణమాసంలో తలనీలాలు ఇస్తానని ఆమె ఉరుకుంద ఈరన్నస్వామికి మొక్కుకుంది. అప్పటినుంచి ఆ తలకు కత్తెర తగలనివ్వలేదు. జుట్టు నడుము దాటింది. శ్రావణం ఇంకో రెండు నెలలుంది. "మందు కలిపిన నీల్లంట. యెంటికలు ఊడిపోతే సామికి ఏమియ్యాల?" అని బట్టలు సర్దుతూ గొణిగింది. ఆ సర్దడంలోనే చీరల అడుగున తాడు దొరికింది.

"ఇదెవర్ని కట్టెయ్యనీకయ్యా?"

"గమ్మున పెట్టు" అన్నాడు ఓబన్న.

పత్తికొండ మీదుగా దారంతా ఎండిన చేలే. రిసార్టు గేటు దాటి లోపలికి అడుగు పెట్టేసరికి నీళ్ళ చల్లదనం, మందు ఘాటు ఒక్కసారే ముఖాన కొట్టాయి. గోదాములా ఎత్తయిన రేకుల కప్పు. దాని కింద ఒక పెద్ద తొట్టి, అందులో యంత్రాలతో పుట్టించే అలలు. పక్కన పాముల్లా మెలికలు తిరిగిన జారుడు గొట్టాలు. ఆ పక్కన చిన్నపిల్లల తొట్టి. పిల్లల కేకలు రేకులకు తగిలి తిరిగొచ్చి చెవుల్లో గింగిరుమంటున్నాయి. సుంకమ్మ, శివకుమారి నోళ్ళు తెరిచి చూస్తూ నిలబడ్డారు. ఓబన్న మాత్రం చెవి ఒక పక్కకు వంచాడు. ఆ గోలలో మోటార్ల సప్పుడు దేనికది తెలియడం లేదు. అది అతనికి నచ్చలేదు.

"మెయిన్ యాడుండాది?" అని అడిగాడు.

పంపులు చూసే జ్ఞానరాజు అనే ఆయన నవ్వి, "నువ్వూ మనోనివేనా అన్నా?" అని వెంటబెట్టుకుపోయాడు. షెడ్డు వెనక పంపుల గది. గది బయట చూరు కింద మోటార్ల బోర్డు. పిడి ఉన్న స్విచ్చి, దాని కింద మూడు పింగాణీ ఫ్యూజులు.

"ఈటిని పీకితే కరెంటైనా జనరేటరైనా మోటార్లకు అందదు" అన్నాడు జ్ఞానరాజు. "నాలుగు బోర్లేసినారన్నా, రెండు ఎండిపాయె. మిగిలిన రెండిట్లో కలిపి మూడంగుళాల నీల్లు. అందుకే బయటికి పొయ్యరు. వడపోసి మల్లా అవే తిప్పుతారు."

ఓబన్న స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని ఒక్కో మోటారూ విన్నాడు. "ఈ మొదటిది నాలుగు నెలలుంటాది. ఆ మూలది బాగుండాది. కానీ శానా గట్టిగా లాగుతాండాదే?"

"అది చిన్న తొట్టిది. దాని అడుగున నీల్లు లాగే గొట్టం మీది జాలీకి రెండు మరలు ఊడిపోయినాయి, తీగ చుట్టిపెట్టినా. చెప్పి నెలాయె. ఎవరింటారు?"

ఓబన్న ఒక్క క్షణం ఆగాడు. "ఆడ లోతెంత?"

"మోకాలంతేలే అన్నా. చిన్నపిల్లోల్లది."

"అట్లనా" అన్నాడు ఓబన్న.

అంతటితో ఇద్దరూ ఆ సంగతి వదిలేశారు. బావుల ఊళ్ళో పెరిగినవాళ్ళు నీళ్ళను లోతుతోనే కొలుస్తారు. లోతుంటే భయం, లేకపోతే లేదు. ఆ ఇద్దరూ పొద్దున లేస్తే నీళ్ళను లాగే యంత్రాలతో బతికేవాళ్ళే. అయినా మోకాలి లోతు అనగానే ఇద్దరికీ అది నీళ్ళలా కనబడలేదు.

పెద్ద తొట్టి దగ్గర తగాదా అయింది. ప్యాంటుతో దిగకూడదని, కావాలంటే నైలాన్ చెడ్డీ అద్దెకిస్తామని కాపలావాడు చెప్పాడు. పూలపూల చెడ్డీ చూసి ఓబన్న గట్టు మీదే కూర్చున్నాడు. సంచిలోంచి తాడు తీసి ఒక కొస కూతురి నడుముకు కట్టబోయాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. శివకుమారి ముఖం ఎర్రబడింది.

"తాడు కట్టనీకి నేనేమన్నా దూడనా నాయనా?"

"తాడు లేకుండా ఆ అలల్లోకి పోయేది లేదు."

కాపలావాడు తాడు కూడా కుదరదన్నాడు. పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. అప్పటికే చెడ్డీ వేసుకుని, బొజ్జ మీద బనియను లాక్కుంటూ వచ్చిన రామకోటయ్య, "ఎంతో సంబరంగా తెస్తివి, తెచ్చి ఏడిపిస్తాండావు. ఇదేం పద్ధతప్పా? చూడు, మా ఆమె మోకాళ్ళ నొప్పులని గదిలోంచే రాదు, నువ్వు గట్టు దిగవు, నేనొక్కన్నే తడవాల్నా?" అన్నాడు.

ఓబన్న చుట్టూ చూశాడు. చిన్న తొట్టి కనబడింది. "ఆడికి పో" అని తనే చెయ్యి చూపించాడు. "మోకాలి లోతే. నీ ఇష్టం వచ్చినట్టు ఆడుకో."

ఆ మాట అన్నాక రెండు వారాల్లో మొదటిసారి అతని భుజాలు సడలాయి. శివకుమారి పరిగెత్తింది. ఇచ్చిన రబ్బరు టోపీ ఆ జుట్టుకు చాలక రెండుసార్లు ఎగిరిపోయింది. వదిలేశారు. సుంకమ్మ కుచ్చిళ్ళు దోపుకుని చిన్న తొట్టి గట్టుమీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంది. ఓబన్న పెద్ద తొట్టి దగ్గరే ఉండి, ఊరికే ఉండలేక, అలల్లో ఆడే పరాయి పిల్లల తలలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. ప్రతి అలకూ ఒకసారి. ఇరవై రెండు. మళ్ళీ ఇరవై రెండు.

ఒంటిగంట దాటింది. రామకోటయ్య పక్కన చేరి, వచ్చే నెల దించబోయే సబ్‌మెర్సిబుల్ మోటార్ల గురించి ఏదో చెబుతున్నాడు. అప్పుడు సప్పుడు మారింది.

ఎవరికీ తెలియలేదు. కానీ ఓబన్నకు, గోలంతటి అడుగున, నీళ్ళందని పంపు గులకరాళ్ళు నమిలినట్టు చేసే సప్పుడు వినబడింది. లాగే దారికి ఏదో అడ్డం పడింది. మూలది. చిన్న తొట్టిది.

తల తిప్పాడు. సుంకమ్మ నీళ్ళలో మోకాళ్ళ మీద ఉంది. రెండు చేతులతో దేన్నో పైకి లాగుతోంది. నోరు తెరిచి అరుస్తోంది గానీ అరుపు రేకుల గోలలో కలిసిపోయింది. ఆమె చేతుల మధ్య శివకుమారి కాళ్ళు నీళ్ళను కొడుతున్నాయి. తల లేవడం లేదు.

ఓబన్న ఆ వైపు రెండడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కి తిరిగి, తొట్టికి ఎదురుదిక్కున షెడ్డు తలుపు వైపు పరుగు పెట్టాడు.

"ఓబన్నా! యాడికప్పా! పాప ఆడుంటే యాడికి పోతాండావు!" రామకోటయ్య గొంతు వెనకనుంచి వినబడింది. సుంకమ్మ కూడా చూసింది. మొగుడి వీపు తలుపులోంచి మాయం కావడం చూసింది.

జ్ఞానరాజు అన్నానికి పోయాడు. గదికి తాళం. బోర్డు మాత్రం బయటే, పొద్దున చూసిన చోటే ఉంది. పిడి కిందికి లాగాడు. ఒకటి, రెండు, మూడు. ఫ్యూజులు పీకి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. మోటార్లు మూలుగుతూ ఆగుతుంటే అతను మళ్ళీ లోపలికి పరుగెత్తుతున్నాడు.

తొట్టిలో పడినట్టే దిగాడు. పంపు ఆగడంతో పిల్ల తల జానెడు లేచింది. సుంకమ్మ మెడ కింద చెయ్యి వేసి ముక్కూ నోరూ నీళ్ళపైన నిలబెట్టింది. కానీ జుట్టు ఇంకా కిందే ఉంది. జడ విడిపోయి, వదులైన జాలీ సందులోంచి దూరి, వెనక ఎక్కడో చుట్టుకుంది. ఆరేళ్ళుగా ఆ జుట్టుకు కత్తెర తగలనివ్వని సుంకమ్మ తల వంచి పళ్ళతో దాన్ని కొరుకుతోంది.

"లాగొద్దు" అన్నాడు ఓబన్న. "లాగితే బిగుస్తాది."

జాలీకి చుట్టిన తీగ తెంపి, దాన్ని పక్కకు జరిపి, గొట్టంలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టాడు. వేళ్ళకు మెలికపడ్డ జుట్టు తగిలింది. చుట్టలు విప్పడం అతనికి తెలిసిన పనే. ఎటు తిరిగిందో దానికి ఎదురు తిప్పాలి.

అలలు ఆగిపోయేసరికి పెద్ద తొట్టిలో జనం ఈలలు వేశారు. మేనేజరు ఎక్కడినుంచో అరుస్తున్నాడు. "ఎవరయ్యా మోటార్లు ఆపింది? వెయ్యండి, వెయ్యండి!"

షెడ్డు వెనకనుంచి బోర్డు పిడి ఎత్తిన సప్పుడు. ఖట్.

ఓబన్న చెయ్యి గొట్టంలోనే ఉంది. సుంకమ్మ ఉలిక్కిపడి అతని ముఖంలోకి చూసింది.

మళ్ళీ ఖట్. "కరెంటుండాది సార్, మోటార్లే లేస్తల్యా!" అని ఎవరో పనివాడు అరిచాడు.

"ఏసుకోనీ" అన్నాడు ఓబన్న తల ఎత్తకుండా.

మూడోసారి ఖట్ మనేసరికి జుట్టు వదిలింది. తెగిన మూరెడు కొసలు అతని వేళ్ళలో మిగిలాయి. శివకుమారి తండ్రి భుజం మీద నీళ్ళు కక్కింది, దగ్గింది, దగ్గి దగ్గి ఏడ్చింది. ఓబన్న ఆ ఏడుపు విన్నాడు. పిల్లను పట్టుకునే అక్కడే మోకాలి లోతు నీళ్ళలో కూర్చున్నాడు.

రామకోటయ్య తడి చెడ్డీతోనే సుమో తీశాడు. డోనులో డాక్టరు శివకుమారి వీపుమీద గొట్టం పెట్టి అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు విన్నాడు. ఆ సేపంతా ఓబన్న డాక్టరు ముఖాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"సప్పుడు ఎట్లుండాది సార్?"

"బాగానే ఉంది. దగ్గు ఎక్కువైనా, ఆయాసం వచ్చినా వెంటనే తీసుకురావాలి."

"ఇంకోసారి ఇనండి సార్."

డాక్టరు అతన్ని ఎగాదిగా చూసి, ఇంకోసారి విన్నాడు. డబ్బులిద్దామని ఓబన్న జేబులో చెయ్యి పెడితే మూడు పింగాణీ ఫ్యూజులు బల్లమీద పడ్డాయి.

సాయంత్రం తిరిగొచ్చేసరికి రిసార్టులో అలలు లేవు, గొట్టాల్లో నీళ్ళు లేవు. మేనేజరు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. వేరే ఫ్యూజులు లేవా అని జ్ఞానరాజును మూడుసార్లు అడిగాడట. లేవని జ్ఞానరాజు మూడుసార్లూ చెప్పాడట.

"వందమంది డబ్బులు వాపసు అడిగారు. ముందు ఆ ఫ్యూజులు ఇవ్వు" అన్నాడు మేనేజరు.

"ఇచ్చెయ్యప్పా ఓబన్నా, పాప బాగానే ఉండాది గదా" అన్నాడు రామకోటయ్య మెల్లగా.

"ముందు మరలు" అన్నాడు ఓబన్న.

జ్ఞానరాజు డబ్బాలో ఆ కొలత మరలు దొరకలేదు. చిన్న తొట్టి పక్కన గోడకు ఒక బోర్డుంది. ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదని రాసిన బోర్డు. నాలుగు మరలతో గట్టిగా బిగించి ఉంది. ఓబన్న రెండు విప్పాడు. బోర్డు ఒక పక్కకు వేలాడింది. మేనేజరు వేలాడే ఆ బోర్డును చేత్తో ఎత్తి పట్టుకున్నాడు.

మరలు సరిపోయాయి. "ఇవి ఇనపవి, రెండు నెలల్లో తుప్పు తింటాయి. ఇత్తడివి తెచ్చి ఎయ్యి" అని జ్ఞానరాజుకు చెప్పాడు. ఆ తొట్టినుంచి నీళ్ళు లాగే వాల్వు సగానికి మూశాడు. అప్పుడు ఫ్యూజులు పెట్టి, పంపు వేసి, తన తువ్వాలు జాలీ మీద పరిచాడు. తువ్వాలు కాస్త అతుక్కుంది. ఒక వేలితో లాగితే వచ్చేసింది. ఇంకో రెండు చుట్లు వాల్వు కట్టాడు. ఈసారి తువ్వాలు తేలిపోయింది.

గదిలో సుంకమ్మ తెగిన జుట్టును తడి పిండి పసుపుగుడ్డలో మూటకట్టి కూర్చుని ఉంది. అతను వస్తూనే, "నువ్వు పారిపోయినావనుకుంటి" అంది.

ఓబన్న తడి తువ్వాలు కొక్కేనికి తగిలించాడు. "పొద్దున్నే జ్ఞానరాజు చెప్పినాడు, జాలీకి మరలు లేవని" అన్నాడు. "మోకాలి లోతే గదా అనుకుంటి. ఆడికి పొమ్మని చెయ్యి చూపిచ్చింది నేనే."

సుంకమ్మ అతన్ని చూసింది. మూట చేతిలో అటూ ఇటూ తిప్పి, "సామికి ఇది కూడా ఇస్తాం" అని మాత్రం అంది. ఆ రాత్రి వంతులవారీగా కూతురి వీపుకు చెవి ఆనించి విన్నారు.

తెల్లారి సామాను సర్దుతుంటే శివకుమారి కిటికీ దగ్గర నిలబడి షెడ్డు వైపు చూస్తోంది. నిన్నటి మెరుపు లేదు. స్నానానికి బకెట్ నిండా నీళ్ళు పెడితే దూరం నుంచే చెంబుతో పోసుకుంది. ఓబన్న అది గమనించాడు. బావిలోంచి ఒకసారి తీసిన మనిషి మళ్ళీ బావి ముఖం చూడకపోవడం అతనికి తెలుసు.

"దిగుతావా?" అని అడిగాడు.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అంది సుంకమ్మ.

శివకుమారి గోరు కొరుక్కుంది. "నువ్వు దిగుతావా నాయనా?"

ఓబన్న పోయి పూలపూల నైలాన్ చెడ్డీ అద్దెకు తెచ్చుకున్నాడు. అది చూసి రామకోటయ్య నవ్వబోయి ఆపుకున్నాడు. సుంకమ్మ కూతురి జుట్టు గట్టిగా ముడి చుట్టి, పైన తన చీరపీలిక కట్టింది. ఓబన్న ముందు ఒక్కడే తొట్టిలో దిగాడు. నడుచుకుంటూ పోయి జాలీ మీద కుడిపాదం మోపి నిలబడ్డాడు. తర్వాత చెయ్యి చాచాడు.

శివకుమారి మెట్టు మీద చాలాసేపు నిలబడింది. ఒక కాలు పెట్టింది. తీసేసింది. మళ్ళీ పెట్టింది. చివరికి వచ్చి తండ్రి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా నీళ్ళలో కూర్చుంది. నీళ్ళు మెడదాకా వచ్చాయి.

"ఏమి ఇంటాండావు నాయనా?" అంది కాసేపటికి. అతని తల ఒక పక్కకు వంగి ఉంది.

"ఏమీలేదు. నువ్వు ఆడుకో."

సుమో హారన్ రెండుసార్లు మోగింది. ఓబన్న పాదం జాలీ మీదనుంచి కదల్లేదు.